చెయ్యి పెట్టి చూశాకే సెట్

పాసయ్యాను. బీఎస్సీ, ఫస్ట్ డివిజన్. మార్క్‌షీటు ఇదిగో, ప్లాస్టిక్ కవరులో, నా ఎడమ మోచేతి కింద ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోతుందని కాదు, దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

మా ఇంట్లో ఇంతవరకు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి బిలాస్‌పూర్ వచ్చాడు, ఆయనకి సంతకం రాదు. నాన్న పదో తరగతి దాకా వచ్చి రైల్వేలో చేరాడు. అమ్మని ఎనిమిదిలోనే మాన్పించారు. ఇప్పుడు నేను. ఈ మాట దగ్గరే కాసేపు కూర్చోవాలని ఉంది గాని, వంటింట్లోంచి అమ్మ అప్పుడే రెండుసార్లు పిలిచింది. గారెలు పాకంలో వేసే వేళయింది. చెయ్యాల్సిన ఫోన్లు బోలెడున్నాయి. అవి మొదలుపెడితే ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్తాను, చివరికి అసలు జరిగిందేమిటో నాకే గుర్తుండదు. అందుకే ముందు ఇది రాసేస్తున్నాను.

నా చదువంతా హిందీలో అయింది. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, పాత క్యాలెండరు కాగితాల వెనక దిద్దించి. ఇది అమ్మ చదవాలి కాబట్టి తెలుగులో రాస్తున్నాను. తప్పులుంటే ఆవిడదే పూచీ.

ఇవాళ మేం ఒక మాట అన్నాం. "సెట్" అన్నాం. ఇంత చిన్న మాటకి ఇంత కథ ఎందుకంటే, మా ఇంట్లో అది ఊరికే అనే మాట కాదు.

బయట అందరూ అంటారు. బిలాస్‌పూర్‌లో ఆ మాట లేకుండా పూట గడవదు. బేరం కుదరగానే ఆటో అతను "సెట్ హై దీదీ" అంటాడు. జుట్టు చెప్పినట్టు వింటే సెట్. పెళ్ళి సంబంధం కుదిరితే పిల్ల సెట్. కాలనీలో ఎవరికైనా రైల్వే ఉద్యోగం వస్తే మైదానంలో క్రికెట్ ఆపి మరీ "లైఫ్ సెట్ హై భాయ్" అంటారు, ఇక ఆ మనిషికి జన్మలో తలనొప్పి కూడా రాదన్నట్టు. కాలేజీలో చేరిన రోజు నుంచీ నా పక్కనే కూర్చున్న స్నేహితురాలు ఒక్క పాఠం చదివినా సెట్ అనేది, ఏమీ చదవకపోయినా సెట్ అనేది. దీనికి ఒక మేనమామ లాంటి మాట కూడా ఉంది, సెట్టింగ్. "సెట్టింగ్ హో జాయేగీ" అంటే ఎవరినో పట్టుకుని, ఎవరిచేతో చెప్పించి, పని లోపల్లోపలే జరిపించేస్తామని.

నాన్నకి మాత్రం సెట్ అంటే ఒకటే. నాన్న పాయింట్స్‌మన్. రైలు ఒక లైను నుంచి పక్క లైనుకి మారే చోట పట్టాలు జరుగుతాయి. దాన్ని పాయింటు అంటారు. మామూలుగా స్టేషన్లో బటన్ నొక్కితే దానంతటదే జరుగుతుంది. అది మొరాయించినప్పుడు నాన్నలాంటి వాళ్ళు అక్కడికి నడిచి వెళ్ళి, చేత్తో తిప్పి, పట్టాకి పట్టా ఆనించి, క్లాంపు బిగించి, తాళం వేసి, స్టేషన్ మాస్టరుకి "సెట్" అని చెప్పాలి. ఆయన విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. అప్పుడు ఆ మాట మీద రైలు కదులుతుంది. రైలు నిండా జనం ఉంటారు.

కొత్తలో నాన్నకి పని నేర్పింది ఒక పెద్దాయన, విజయనగరం వైపు మనిషి. రిటైరై ఇప్పుడు ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. చెవులు సరిగ్గా వినపడవు. నాన్న ఆయన్ని గురువుగారంటాడు. తాళం వేసి లేచి వచ్చెయ్యకూడదని ఆయన చెప్పాడట. వంగి, రెండు పట్టాలు కలిసే చోట వేలు పెట్టి తడిమి చూడాలి. వానలో కన్ను మోసం చేస్తుంది, ఎండలోనూ చేస్తుంది. సందు మూసుకున్నట్టే ఉంటుంది గాని, మధ్యలో చింతగింజంత కంకర రాయి ఇరుక్కుని ఉండొచ్చు. వేలికి తెలిసిపోతుంది. "సెయ్యెట్టి సూడకుండా సెట్ అనకురా" అనేవాడట. నాన్న సర్వీసంతా అలాగే చేస్తున్నాడు.

ఆ అలవాటు డ్యూటీ బూట్లతో పాటు గుమ్మం బయట ఆగిపోలేదు. ఊరెళ్ళేటప్పుడు తాళం వేసి, దాన్ని గట్టిగా లాగి చూసి, అప్పుడు సెట్ అంటాడు. గ్యాసు కట్టేశానని అమ్మ చెప్పినా వెళ్ళి ముట్టుకుని వస్తాడు. నాకు కాలేజీలో సీటు వచ్చినప్పుడు పేర్లు నోటీసు బోర్డులో పెట్టారు. నాన్న యూనిఫారంలోనే వచ్చి, అద్దం మీద నా పేరు దగ్గర బొటనవేలు ఆనించి, అప్పుడు అన్నాడు. ఆ వేలిముద్ర మరక చాలా రోజులు అద్దం మీద ఉండిపోయింది. నా పేరు తీసేసి వేరే నోటీసులు పెట్టాక కూడా ఉంది. మీ నాన్నగారు కాలేజీకి రైల్వే ముద్ర కొట్టారని స్నేహితురాలు నవ్వేది.

కాబట్టి మా ఇంట్లో నాన్న చెయ్యి పడనిదే ఆ మాట ఎవరూ అనరు. అమ్మ పెరుగు గురించి కూడా అనదు, తోడుకుంది అంటుంది. అలాంటి అమ్మ ఈ వానలు మొదలైన రోజుల్లో ఒకసారి అనేసింది.

రిజల్ట్స్ వచ్చిన రోజు నాన్న పగలు డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీలో ఫోన్ తియ్యడు. యూనివర్సిటీ సైటు తెరుచుకోవడం లేదు, గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది. ఈలోగా మా క్లాసు గ్రూపులో మెసేజీ వచ్చింది, మన సెక్షన్ మొత్తం పాసని. దాని కింద నా స్నేహితురాలు ఎగిరి గంతులేసే బొమ్మలు పెట్టింది. అమ్మకి చదివి వినిపించి, నాన్న వచ్చేదాకా ఆగుదాం, ముందు సైటు తెరుచుకోనీ అన్నాను. అమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంది.

తప్పు పట్టలేను. అమ్మకి చదువంటే ఇష్టం. ఎనిమిదిలో మాన్పించినప్పుడు పుస్తకాలు చెల్లెలికి ఇచ్చెయ్యమంటే, సైన్సు పుస్తకం ఒకటి బియ్యం డబ్బాలో దాచిందట. నేను పరీక్షలకి చదువుకునేటప్పుడు అర్థం కాకపోయినా పక్కన కూర్చుని, బొమ్మలు చూసేది. బోటనీలో ఆకు అడ్డుకోత బొమ్మ చూసి "ఇదేటే, జల్లెడలా ఉంది" అనేది. అలాంటి మనిషిని నాన్న వచ్చేదాకా ఆగమంటే ఎలా ఆగుతుంది. బజారుకెళ్ళి పేడాలు తెచ్చి, రైల్వే కాలనీలో మా లైన్లో ఉన్న ప్రతి క్వార్టరుకీ పంచింది. తెలుగు వాళ్ళకి తెలుగులో, మిగతా వాళ్ళకి హిందీలో. ఆఖరున పక్క క్వార్టరు ఆంటీ గుమ్మంలో నిలబడి, నేను కిటికీలోంచి వింటుండగా, "మేరీ బేటీ సెట్ హో గయీ" అంది. ఆ గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆంటీ వాళ్ళు ఛత్తీస్‌గఢీ వాళ్ళు. ఆడపిల్లని ముద్దుగా నోనీ అంటారు. ఆవిడ "నోనీ పాస్ హోగే" అంటూ వచ్చి నన్ను కావలించుకుంది. సాయంత్రం మళ్ళీ వచ్చి, బంగారు రంగు మూత ఉన్న పెన్ను ఒకటి, పెట్టెతో సహా, నా చేతిలో పెట్టింది. టీచరు కావాలని నేను బీఎడ్ ప్రవేశ పరీక్ష రాశానని, సీటు కూడా వచ్చిందని ఆవిడకి తెలుసు. డిగ్రీ మార్క్‌షీటు గడువులోగా చూపిస్తేనే ఆ సీటు నాది. లేకపోతే నా వెనక ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. అప్పటికి అది ఎవరికీ పెద్ద విషయంగా తోచలేదు. పాసయ్యాను కదా.

ఆంటీ వెళ్ళాక సైటు తెరుచుకుంది. నా పేరుంది, నంబరుంది, సబ్జెక్టులున్నాయి. రిజల్ట్ అన్న చోట "విత్‌హెల్డ్" అని ఉంది. ఆపి ఉంచాం అని. పాసూ కాదు, ఫెయిలూ కాదు. ఎందుకు ఆపారో లేదు. అమ్మ నా ముఖం చూసి, ఏటని అడిగింది. చెప్పాను. అమ్మ ఖాళీ పేడా డబ్బా పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

నాన్న ఇంటికి వచ్చేసరికే దారిలో ఎవరో బధాయి అంటూ అభినందించేసినట్టున్నారు. ముఖం వెలిగిపోతోంది. అయినా నోరు విప్పకుండా నా వైపు చెయ్యి చాపాడు, ఫోన్ చూపించమని. ఇచ్చాను. ఇంగ్లీషు అక్షరాలు నాన్న నెమ్మదిగా కూడబలుక్కుంటాడు. ఆ నెమ్మదిని చూస్తూ నిలబడటం నా వల్ల కాలేదు, గోడ వైపు తిరిగాను.

నాన్న ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. మంచినీళ్ళు తాగాడు. ఆ ఊరుకోవడం అమ్మ భరించలేకపోయింది.

"ఒకపాలి తిట్టీయండి," అంది. "మీరు తిట్టకపోతే నాకు అన్నం దిగదు."

"తిట్టడానికేటుంది. సెట్ అని తప్పు సెప్పీసినావు, అంతే కదా. బండి ఇంకా రాలేదు."

బండి అంటే బీఎడ్ గడువు. పాయింటు సరిపడకుండానే సరిపడిందని చెప్పినా, బండి వచ్చేలోగా పరుగెత్తి వెళ్ళి సరిచేసుకోవచ్చు. వచ్చాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. నాన్న నా వైపు తిరిగి, "ఎక్కడో రాయి ఇరుక్కునుంటాది. ఎల్లి తీద్దాం," అన్నాడు.

లైన్లో వాళ్ళకి చెప్పాలా వద్దా అన్నది వేరే గొడవ. చెప్పేద్దాం అన్నాను నేను. "ఏటని సెప్పమంటావే. తిన్న పేడాలు కక్కమంటానేటి," అంది అమ్మ. ఆ మాటకి నాన్న ఒక్కడే నవ్వాడు. చెప్పలేదు.

చెప్పకపోవడం ఎంత కష్టమో తర్వాత తెలిసింది. ఆంటీ వాళ్ళాయన రైల్వే ఆఫీసులో క్లర్కు. రోజూ పొద్దున్న స్కూటరు తీస్తూ "నమస్తే మాస్టర్నీ జీ" అనేవాడు, టీచరమ్మగారూ అని. నేను తల ఊపేదాన్ని. ఎవరో తమ పాపని తీసుకొచ్చి, గ్రాడ్యుయేట్ దీదీ కాబట్టి లెక్కలు నువ్వే చెప్పాలన్నారు. లెక్కలు చెప్పాను, కాని ఆ పాప నన్ను చూసే చూపు తట్టుకోలేక కొన్నాళ్ళకే మానిపించేశాను. అమ్మ అందరూ లేవకముందే కుళాయి దగ్గర పని ముగించుకుని వచ్చేసేది. అమ్మ అంటే మా లైన్లో కుళాయి దగ్గర ఆఖరున కదిలే మనిషి. ఆంటీ ఇచ్చిన పెన్ను పెట్టె తెరవకుండా దేవుడి అల్మారాలో పెట్టింది. పాసైతే తెరుద్దాం అని పైకి అనలేదు గాని, రోజూ దీపం పెట్టేటప్పుడు దాన్నీ ఒకసారి తుడిచేది.

నాన్నకి రెస్టు దొరికిన రోజు, మోపెడ్ మీద యూనివర్సిటీకి వెళ్ళాం. వాన. నాన్న రైల్వే రెయిన్‌కోటు వేసుకున్నాడు, దాని వెనక భాగం కప్పుకుని నేను కూర్చున్నాను. గేటు ముందు జిరాక్సు షాపతను మా తడి ముఖాలు చూడగానే ఎందుకొచ్చామో పోల్చుకున్నాడు. రిజల్ట్ ఆగిందా, లోపల మనవాళ్ళున్నారు, సెట్టింగ్ చేయిస్తాను అన్నాడు హిందీలో. నాన్న అతన్ని కోప్పడలేదు. సెట్టింగ్ వద్దు భాయ్, కిటికీ ఎటో చూపించు చాలు అన్నాడు.

కిటికీలో ఒక మేడం ఉంది. నంబరు చూసి, "హో జాయేగా" అంది. అయిపోతుంది, తర్వాత రండి అని. మా వెనక వరుస పెద్దగా ఉంది, నేను పక్కకి జరగబోయాను. నాన్న జరగలేదు. మెల్లగా, తలుపు దగ్గర నిలబడి పెద్దాఫీసరుతో మాట్లాడే గొంతుతో, "మేడం, అటకా క్యా హై" అని అడిగాడు. ఏమిరుక్కుంది అని. ఆవిడ విసుక్కుంది. అది ప్రాసెస్‌లో ఉందంది. నాన్న అప్పుడు తన పని ఏమిటో చెప్పాడు. అయిపోతుంది అంటే మాకు తెలియదు మేడం, ఎక్కడ ఆగిందో చెప్తే మేమే వెళ్ళి తీసుకుంటాం అన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని నాన్నని పరీక్షగా చూసింది. "మా నాన్న లోకో షెడ్‌లో చేసేవారు," అంది. బిలాస్‌పూర్‌లో ఎవరి నాన్నో ఒకరు రైల్వేలో చెయ్యకుండా ఎలా ఉంటారు. ఆవిడ మళ్ళీ కంప్యూటరులోకి వెళ్ళి, వెతికి, తెర మా వైపు తిప్పింది.

బోటనీ ప్రాక్టికల్ గడి ఖాళీగా ఉంది. రాయి అదే.

నేను తప్పలేదు. ఆ ఒక్క గడి నిండలేదు, అంతే. ఆ క్షణంలోనే నాకు సగం ఊపిరి తిరిగి వచ్చింది. తడి గొడుగు నా చేతిలోంచి జారి ఎవరి కాళ్ళ మీదో పడింది. ఆ అబ్బాయి దాన్ని తీసి ఇస్తే థాంక్యూ కూడా చెప్పలేదు.

ఎలా జరిగిందో కాలేజీలో తెలిసింది. ప్రాక్టికల్ రోజున నాకు జ్వరం. తర్వాత ఇంకో సెక్షన్ వాళ్ళతో కలిసి చేశాను, మా సెక్షన్ నుంచి నేనొక్కదాన్నే. మా వాళ్ళ మార్కులు పంపినప్పుడు నాది మిగిలిపోయింది. ప్రాక్టికల్ చేయించిన మేడం కాన్పుకి సెలవు పెట్టి, బిలాస్‌పూర్‌కి దగ్గర్లోనే ఉన్న కోటాలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్తే గాని మేం వెయ్యలేం అన్నారు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఫోన్ ఎక్కడ మోగుతుంది.

నాన్న ఇంకో రెస్టు కోసం ఆగలేదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, నాతో పాసింజరు ఎక్కాడు. కోటాలో దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్ళాం. మేడం వరండాలో మంచం మీద బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి సంతోషంగా, పాసైన కబురు చెప్పడానికి వచ్చావా అంది. విషయం విన్నాక ఆవిడ ముఖం చూడలేకపోయాను. వెంటనే బిడ్డని నా చేతుల్లో పెట్టి, ఫోన్ తీసి కాలేజీకి చేసింది. నా జీవితంలో అంత చిన్న బిడ్డని ఎత్తుకోవడం అదే మొదలు. తన డైరీలో చూసి ఫోన్లో నా మార్కులు చెప్తోంది మేడం. ఒక చెవి అటు, రెండో చెవి బిడ్డ ఊపిరికి.

మేడం ఫోన్ పెట్టెయ్యబోతుంటే, నాన్న చాలా మొహమాటపడుతూ ముందుకి వంగాడు. ఒకసారి వాళ్ళని తిరిగి చెప్పమనండి మేడం, అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. విన్నది వాళ్ళ నోటితో చెప్పమనండి అన్నాడు. ఆవిడ స్పీకరు పెట్టి అడిగింది. అవతల క్లర్కు విసుగ్గా నా పేరు చెప్పాడు, నంబరు చెప్పాడు, మార్కులు చెప్పాడు, సబ్జెక్టు జువాలజీ అన్నాడు. మేడం నాలిక్కరుచుకుని, బోటనీ, బోటనీ అని సరిచేసింది. రెండోసారి అతను సరిగ్గా చెప్పాడు. మేడం వాళ్ళమ్మ నవ్వి, మీ నాన్నని రోజూ రమ్మను, మా ఇంట్లో ఎవరూ ఎవరి మాటా సరిగ్గా వినరు అంది. మాకు పళ్ళేల్లో వేడి ఫరాలు పెట్టింది. బియ్యప్పిండితో ఆవిరి మీద చేస్తారు. ఆ వానలో అంత రుచిగా ఏదీ తినలేదు నేను.

తిరుగు రైల్లో నాన్న కిటికీ పక్కన కూర్చుని ప్రతి స్టేషన్ దగ్గరా పాయింట్ల వైపు చూస్తున్నాడు. ఇంక సెట్టేనా నాన్నా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ తర్వాత ఎదురుచూడటం మిగిలింది. గడువు దగ్గరికొచ్చేసింది. నేను ఫోన్ పట్టుకున్నప్పుడల్లా అమ్మ చేసే పని ఆపేసేది.

నిన్న మధ్యాహ్నం సైటు తెరిచాను. విత్‌హెల్డ్ లేదు. ఆ చోట "పాస్" అని ఉంది, పక్కన ఫస్ట్ డివిజన్. అమ్మ నా భుజం మీంచి చూసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను దిండులో ముఖం దాచుకున్నాను. నాన్న డ్యూటీ దిగేదాకా ఇద్దరం ఒక్క మాట పైకి అనలేదు. ఆంటీ గోడ మీంచి ఏం చేస్తున్నారని పలకరిస్తే, అమ్మ ఏమీ లేదని తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేసింది. ఒకసారి నోరు కాల్చుకుంది కదా. నాన్న వచ్చి, ఫోన్ చూసి, "రేపు కాగితం తెద్దాం," అన్నాడు.

ఇవాళ ముగ్గురం ఆటోలో వెళ్ళాం. అమ్మ పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టింది. యూనివర్సిటీ లోపలికి అడుగుపెట్టడం ఆవిడకి ఇదే మొదలు. గేటు దాటుతుంటే చెప్పులు విప్పాలేటని అడిగింది. కిటికీలో అదే మేడం. నాన్నని గుర్తుపట్టి, వరుసలో ముందున్న అబ్బాయిని ఒక్క నిమిషం ఆగమని, నా మార్క్‌షీటు తీసి ఇచ్చింది.

నేను నాన్నకి ఇచ్చాను. నాన్న రుమాలుతో చెయ్యి తుడుచుకుని అందుకున్నాడు. నా పేరు మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి ఒక్కొక్క వరుసా కిందికి దిగుతూ, బోటనీ ప్రాక్టికల్ దగ్గర ఆగాడు. అంకె ఉంది. వేలు అక్కడే కాసేపు ఉంచాడు. ఇంక అనేస్తాడని నేను చేత్తో నోరు మూసుకుని చూస్తున్నాను.

అనలేదు. కాగితం అమ్మ ముందు పెట్టాడు.

"నువ్వు ముట్టుకో."

అమ్మ భయంభయంగా చూపుడు వేలు ఆ అంకె మీద పెట్టింది.

"రాయుందేటి?"

"లేదు."

"అయితే సెప్పు."

అమ్మ నా వైపు చూసింది, నాన్న వైపు చూసింది, కిటికీలో మేడం వైపు కూడా చూసింది. తర్వాత ఎవరికీ వినపడనంత మెల్లగా, "సెట్," అంది.

నాన్న నిటారుగా నిలబడి, స్టేషన్ మాస్టరులా, "సెట్," అని తిరిగి చెప్పాడు.

వెనక వరుసలో ఎవరికీ ఏమీ అర్థమై ఉండదు. నాకు ఏడుపొచ్చింది, దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు. అక్కణ్ణుంచి నేరుగా బీఎడ్ కాలేజీకి వెళ్ళాం. కాగితం చూపించాం, చూశారు, నా పేరు పక్కన టిక్కు పెట్టారు. బయటికి వచ్చాక నాన్న చెరుకు రసం బండి దగ్గర ఆగి, మూడు గ్లాసులు చెప్పి, "బండి దాటిపోనాది," అన్నాడు. ఇన్నాళ్ళ తర్వాత భుజాలు కిందికి దించాడు.

ఇంటికి రాగానే అమ్మ ఆంటీ దగ్గరికి వెళ్ళి గోడ దగ్గరే జరిగిందంతా చెప్పేసింది. పేడాలు తినిపించింది తొందరపాటని, అప్పటికింకా రిజల్ట్ రాలేదని, ఇప్పుడు నిజంగా పాసయ్యానని. నేను లోపల చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆంటీ నవ్వి, "ఊ తో ఎడ్వాన్స్ రహిస్," అంది. అప్పుడు తిన్నది అడ్వాన్సేలే అని. ఇప్పుడు అసలుది పెట్టు అని కూడా అంది. అందుకే ఈ పాకం గారెలు.

పెన్ను పెట్టె తెరిచాను. ఇదంతా దానితోనే రాశాను. మూత కొంచెం బిగుతుగా ఉంది, బాగా రాస్తోంది.

ఇక ఫోన్లు.

పలాసలో మేనత్త. ఎత్తగానే "నీ సదువేటయింది" అంటుంది, ఆవిడ అడగకముందే చెప్పెయ్యాలి.

అమ్మ వాళ్ళ అన్నయ్య. ఆడపిల్లకి ఎనిమిది చాలన్నది ఆయనే. ఈ ఫోన్ అమ్మే చేస్తుందట, తలుపు వేసుకుని.

కోటాలో బోటనీ మేడం. బిడ్డ నిద్రపోయే వేళ చూసుకుని. ముందు బిడ్డ ఎలా ఉందో అడగాలి.

నా స్నేహితురాలు. మెసేజీ పెడితే "సెట్" అని ఒక్క మాట కొట్టి ఊరుకుంటుంది. ఫోనే చెయ్యాలి, మొత్తం వినాలి అది.

లెక్కలకొచ్చే పాప వాళ్ళమ్మ. రేపటి నుంచి మళ్ళీ పంపమని.

ఉస్లాపూర్‌లో గురువుగారు. ఇది నాన్న చేస్తాడు. పెద్దగా అరవాలి, ఒక్క మాటే.